మళ్ళీ రాని రోగులు

ఆ రోజుల్లో విశాఖపట్నంలో ఎవరికి ఏది కావాలన్నా ‘అన్వేషి’నే అడిగేవారు. పన్ను నొప్పి పెట్టినా, గ్రైండర్ పాడైనా ఫోనుతో చెబితే చాలు, ఆ సెర్చ్ ఇంజిన్ పది పేర్లు చూపించేది. ఆ పదింటిలో లేనివాడు ఊళ్ళో లేనట్టే.

డాబాగార్డెన్స్‌లో ఊపిరితిత్తుల డాక్టర్ హైమవతి పేరు ఆ పదిలోంచి జారిపోయింది. ఆమె వైద్యంతో న్యుమోనియా తగ్గి లేచి తిరిగినవాళ్ళు ఊరంతా ఉన్నారు. అయినా క్లినిక్‌లో కుర్చీలు ఖాళీ. కారణం ఏమిటో తేల్చుకుందామని ఆమె ఒక ఉదయం మధురవాడ కొండ మీద ఉన్న అన్వేషి లేబొరేటరీకి వెళ్ళింది.

అన్వేషిని తయారుచేసిన నజీర్ అప్పుడు తెర ముందు కూర్చుని కొత్త ర్యాంకింగ్‌ను పరీక్షిస్తున్నాడు. మనిషి మంచివాడు. కోపంగా వచ్చినావిడకు కుర్చీ వేసి, ఓపిగ్గా చెప్పాడు.

“మా క్రాలర్లు, అంటే ఇంటర్నెట్ అంతా తిరిగే ప్రోగ్రాములు, పేజీలన్నీ చదువుతాయండీ. ఏ మాట ఏ పేజీలో ఉందో ఇండెక్స్ రాసిపెడతాయి, పుస్తకం చివర ఉంటుందే, అలాగ. అంతవరకూ తేలికే. వేల పేజీల్లో దేన్ని ముందు పెట్టాలన్నదే చిక్కు. పూర్వం ఒక పేజీకి ఎంతమంది లింకు ఇస్తే అది అంత గొప్పదనేవారు. దొంగ లింకులు అమ్ముకునేవాళ్ళు బయల్దేరి ఆ పద్ధతిని పాడుచేశారు. అందుకే మేము మనుషుల్ని, వాళ్ళ ఫోన్లు ఎక్కడెక్కడికి వెళుతున్నాయో చూస్తున్నాం. ఎవరి దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళుతున్నారో వాళ్ళే మంచివాళ్ళు.”

“టిఫిన్ హోటల్‌కి ఆ లెక్క సరిపోతుంది. నా దగ్గరికి దగ్గుతో వచ్చినవాడు అదే దగ్గుతో నాలుగుసార్లు వచ్చాడంటే, నాకు వైద్యం చేతకాదని అర్థం!”

నజీర్ తెర వైపు తిరిగి తన లెక్క మరోసారి చూసుకున్నాడు. తర్వాత మొహం వెలిగింది. “నిజమే. డాక్టర్ల విషయంలో ప్లస్ ఉన్నచోట మైనస్ పెడితే సరిపోతుంది. ఎవరి దగ్గరికి జనం అదే జబ్బుతో మళ్ళీ వెళ్ళరో, ఆ డాక్టరే ముందు.”

హైమవతికి వెంటనే ఒక అనుమానం వచ్చింది. “చచ్చిపోయినవాళ్ళు కూడా మళ్ళీ రారు కదా, నజీర్ గారూ?”

“అది చాలా తక్కువ శాతం. సగటులో కలిసిపోతుంది.”

ఆ జవాబు ఆమెకు మింగుడుపడలేదు. కానీ గెలిచిన ఉత్సాహంలో ఉంది. ఇంకేమీ అడగకుండా లేచి వచ్చేసింది.

కొత్త లెక్క అమల్లోకి రాగానే ఆమె మొదటి స్థానానికి ఎక్కింది. క్లినిక్ కిటకిటలాడింది. ఆ సందడిలోనే కౌశిక్ అనే కుర్రాడు టై కట్టుకుని వచ్చాడు. సెర్చ్‌లో పేరు పైకి తేవడం, పైకొచ్చిన పేరు దిగకుండా చూడడం అతని వృత్తి.

“ఆస్తమా వాళ్ళని వదిలించుకోండి మేడమ్,” అన్నాడు. “వాళ్ళు నెల తిరగకుండా వస్తారు. వచ్చిన ప్రతిసారీ మీ ర్యాంకు తగ్గుతుంది. ఒకసారి చూశాక మళ్ళీ గేటు దాటనివ్వకండి. పెద్ద ఆసుపత్రులన్నీ అదే చేస్తున్నాయి.”

“వాళ్ళకి ఊపిరాడకపోతే?”

“మీ దగ్గర ఆడకపోతేనే మనకి ఇబ్బంది మేడమ్.”

“లెండి. బయటికి నడవండి,” అంది హైమవతి.

అతను వెళ్ళాక ఆమె ఫోను చేతిలోకి తీసుకుంది. ఈ మైనస్ తను అడిగి పెట్టించుకున్నదే. నజీర్‌కి ఫోన్ చేస్తే, పరిశీలిస్తున్నామన్నాడు. పరిశీలన సాగుతుండగానే రెండోసారి వచ్చిన రోగుల్ని పెద్ద ఆసుపత్రుల వాచ్‌మన్లు వెనక్కి తరమసాగారు. మరణాలు బాగా ఎక్కువైన ఒక ఆసుపత్రి పైపైకి ఎగబాకింది. అక్కడికి వెళ్ళినవాళ్ళెవరూ మళ్ళీ రాలేదు మరి.

ఆ సంగతి తెలిసిన రోజే హైమవతి తన వెబ్‌సైట్‌లో ఒక చిన్న ఫైలు పెట్టించింది. ఈ పేజీని చదవొద్దని క్రాలర్లకు చెప్పే ఫైలు అది. ఆ పేజీ తప్ప అన్వేషికి ఆమె ఆనవాలు వేరే లేదు. దాంతో ఇండెక్స్‌లోంచి ఆమె పేరే చెరిగిపోయింది.

“మనల్ని ఎవరు కనుక్కుంటారమ్మా?” అని నర్సు సుగుణ భయపడింది.

“ఆయాసం వచ్చినవాడి ఇంట్లోవాళ్ళు కనుక్కుంటారు. నా మంచిచెడ్డలు వాళ్ళు చెప్పనీ, ఆ డబ్బా చెప్పక్కర్లేదు.”

నిజంగానే గేట్ల దగ్గర తిప్పి పంపినవాళ్ళందరూ ఒకరి నోట ఒకరు విని ఆమె దగ్గరికి చేరారు. కుర్చీలు చాలక మెట్ల మీద కూడా కూర్చున్నారు.

వర్షాకాలం మొదట్లో ఒక సాయంత్రం, తల్లిని రెండు చేతులతో ఎత్తుకుని నజీర్ ఆ మెట్లెక్కాడు. ఆమె పెదాలు నీలంగా ఉన్నాయి.

“అమ్మీకి ఆస్తమా,” అన్నాడు రొప్పుతూ. “పదిచోట్లకి తీసుకెళ్ళాను. ‘ఇదివరకు ఒకసారి చూశాం, ఇక చూడలేం’ అన్నారు. నేనెవరో చెప్పాను డాక్టర్ గారూ. అయినా తలుపు తియ్యలేదు.”

హైమవతి ముసలావిడను లోపల మంచం మీద పడుకోబెట్టించింది. ఆక్సిజన్ పెట్టి, సూది వేసి, నెబ్యులైజర్ మాస్కు బిగించి, మంచం పక్కనే కూర్చుంది. చాలాసేపటికి ముసలావిడ ఛాతీ నెమ్మదించింది. నజీర్ గోడకి ఆనుకుని నిలబడి, చేత్తో మొహం కప్పుకున్నాడు.

“ఈ రాత్రే సరిచేస్తాను,” అన్నాడు చివరికి. “మీ పేరు మళ్ళీ మొదట పెడతాను.”

“వద్దు. మీ లెక్కలో నన్ను కలపొద్దు. అమ్మగారిని సోమవారం తీసుకురండి, ఆ పై సోమవారం కూడా.”

ముసలావిడ మాస్కు కొంచెం పక్కకి జరిపి, “వస్తానమ్మా,” అంది.

నజీర్ చేతిలో ఫోను మోగింది. పొద్దుట్నుంచి అతను వెతుకుతున్నది ఊపిరితిత్తుల డాక్టర్ కోసమే కాబట్టి, అన్వేషి అతనున్న చోటు చూసుకుని తియ్యటి గొంతుతో చెప్పింది: “క్షమించండి. మీకు దగ్గర్లో ఊపిరితిత్తుల డాక్టర్లు ఎవరూ లేరు.”

మెట్ల మీద కూర్చున్న జనం తలలు తిప్పి అతన్ని చూశారు. హైమవతి స్టెతస్కోపు మెడలో వేసుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

“తర్వాత ఎవరమ్మా? రండి.”