గోడవైపు తిప్పిన కుర్చీ

కాస్త ముందుకు జరిగి కూర్చోండి. పొయ్యిలో ఇంకో దుంగ వేశాను, చలి అంతగా తెలియదు. ఇది గ్లెనిస్ కథ. ఆదివారం ప్రార్థనలో నేను ఆమె పేరు ఇప్పటికీ తలుచుకుంటాను. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

పాత ఇళ్ళను కొత్తగా వచ్చినవాళ్ళకు నప్పేలా సర్దిపెట్టడం గ్లెనిస్ పని. మా టాస్మేనియాలో ఇసకరాయి ఇళ్ళకు కొదవలేదు. మెల్‌బోర్న్ నుంచి వచ్చి వాటి మీద మనసు పారేసుకునేవాళ్ళకూ కొదవలేదు. బీరువాలు జరిపీ జరిపీ ఆమె నడుం పోయింది, మోకాళ్ళు అరిగాయి. ఆ చలికాలానికి ఆమెకు మిగిలిన కోరిక ఒక్కటే. ఎక్కడైనా కాసేపు కూలబడాలి.

ఆఖరుగా ఒప్పుకున్న ఇల్లు ఓట్‌లాండ్స్ ఊరి చివర, గొర్రెల పొలాల అంచున ఉంది. అందులో ఉండేది బ్రోన్విన్ అనే అమ్మాయి, ఆమె నెల నిండని కూతురు ఒట్టిలీ. భర్త సముద్రంలో చేపల పెంపకంలో పనిచేస్తాడు. వెళ్ళాడంటే వారాల తరబడి పడవ మీదే. పిల్ల గది సర్దిపెట్టమని బ్రోన్విన్ అడిగింది. కొత్త రంగు, తెల్లటి కొత్త తొట్టె, మెత్తటి దీపం. వాటి మధ్య పాతది ఒక్కటైనా ఉండాలంది.

ఆ పాతది ఇంట్లోనే దొరికింది. పిల్ల గదిని ఆనుకునే ఒక చిన్న గది ఉంది, పాత సామాను పడేసేది. రెంటికీ మధ్య ఒకే గోడ. అందులో ఒక పొట్టి కుర్చీ. చేతులు లేవు, కాళ్ళు జానెడు. వెనకటి తల్లులు కూర్చుని పిల్లలకు పాలిచ్చుకునే కుర్చీ అది. పొలాలవైపు ఉన్న బయటి గోడకు ముఖం పెట్టి, అలిగిన మనిషిలా ఉంది.

గ్లెనిస్ దానికి పాత గుడ్డ ఊడదీసి, లోపల కూరిన గుర్రపు వెంట్రుకలు దులిపి, లేతాకుపచ్చ గుడ్డ వేసింది. పిల్ల గదిలోకి మోసుకెళ్తుంటే పొరుగింటి మెర్ల్ ఎదురొచ్చింది. చర్చిలో పూలు సర్దేది ఈ మెర్లే. చేతిలో గుమ్మడికాయ స్కోన్లు, అదే, మెత్తటి చిన్న రొట్టెలున్న పళ్ళెం.

"ఏమే గ్లెనిస్, దాన్నెక్కడికి మోస్తున్నావు?"

"పిల్ల గదిలోకి. ఎంత ముద్దుగా ఉందో చూడు."

"ముద్దుగానే ఉంటుంది. మా అత్తగారు పెళ్ళికి ముందు ఈ ఇంట్లో పనిచేసింది. అప్పటికే అది బయటి గోడకేసి తిరిగి ఉండేదట. దుమ్ము తుడిచినా వెనకనుంచే తుడవమనేవాళ్ళట."

"ఎందుకట?"

"అడిగితే ఆవిడ టీ పెట్టడానికి లేచిపోయేది."

"నీ ప్రశ్నలంటే విసుగేమో!"

"నా స్కోన్లన్నా విసుగే. అయినా పళ్ళెం ఖాళీ చేసేది." మెర్ల్ నవ్వింది. నవ్వుతూనే కుర్చీ వంక చూసి, గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది.

గ్లెనిస్‌ది ఒక అలవాటు. ఏ ఇల్లు సర్దినా పాత వస్తువునూ కొత్త వస్తువునూ ఎదురెదురుగా పెడుతుంది. పక్కపక్కన పెడితే పోట్లాడుకుంటాయి, ఎదురుగా పెడితే మాట్లాడుకుంటాయి అనేది. అలాగే పెట్టింది. కుర్చీ ముఖం తొట్టెవైపు. తొట్టె కుర్చీవైపు.

కొన్నాళ్ళకు, మిగిలిన కిటికీ తెర కట్టడానికి మళ్ళీ వెళ్ళింది. జూన్ నెల, మాకు నడి చలికాలం. టీ వేళ దాటీ దాటకముందే చీకటి. తలుపు తీసిన బ్రోన్విన్‌ను చూసి ఉలిక్కిపడింది. కళ్ళు గుంటలు పడ్డాయి.

"నిద్ర లేదా అమ్మడూ?"

"పిల్ల నిద్రపోతోంది గ్లెనిస్, రాత్రంతా. నాకే పట్టట్లేదు. అది పాలకు లేవడం లేదు. నేను పట్టబోతే మొహం తిప్పేసుకుంటోంది."

"ఎప్పటినుంచి?"

"గది సర్దినప్పటినుంచీ. భయమేసి నర్సు దగ్గరికి తీసుకెళ్ళాను. తూకం వేసి, బరువు పెరిగిందంది. 'తల్లీ, నీ పాలు అమృతం' అంది." బ్రోన్విన్ నవ్వబోయింది. నవ్వు రాలేదు. చొక్కా ముందు భాగమంతా పాలతో తడిసి ఉంది. గొంతు తగ్గించి అంది. "నేను పట్టనేలేదు గ్లెనిస్. ఎవరు పడుతున్నట్టు?"

గ్లెనిస్ పిల్ల గది తలుపు వంక చూసింది. అయినా పెద్దదానిలా మాట్లాడింది. "నిద్రమత్తులో నువ్వే పట్టి మరిచిపోయి ఉంటావు. వెళ్ళి కాసేపు నడుం వాల్చు. పిల్లను నేను చూస్తాను."

బ్రోన్విన్ వెళ్ళింది. గ్లెనిస్ చిన్న నిచ్చెన ఎక్కి తెర కడుతోంది. కిటికీ అవతల మంచు పడుతోంది. ఎక్కడో గొర్రె ఒకటి దగ్గింది, అచ్చం మనిషి దగ్గినట్టు. గదిలో కొత్త రంగు వాసన, కొయ్యకు పూసిన మైనం వాసన. వాటి కింద నుంచి మెల్లగా ఇంకో వాసన లేచింది. విరిగిన పాల వాసన.

తొట్టెలో పిల్ల కదిలింది. ఏడవబోయింది. ఆగిపోయింది.

వెనక కుర్చీ కిర్రుమంది.

గ్లెనిస్ తిరగలేదు. పాత కొయ్య, చలికి బిగుసుకుని ఉంటుంది, అనుకుంది. అప్పుడు వినిపించింది... చిన్న చప్పుడు. గుటక. మళ్ళీ గుటక. పసిబిడ్డ ఆబగా తాగే చప్పుడు.

"బ్రోన్విన్?" అని పిలిచింది.

మెల్లగా తల తిప్పింది. గదిలో ఎవరూ లేరు. కానీ కుర్చీ మీది ఆకుపచ్చ గుడ్డ... తన చేత్తో బిగించిన గుడ్డ... నడిమధ్య కుంగి ఉంది. కుర్చీ తొట్టెకు ఆనుకుని ఉంది. ఆమె పెట్టింది అక్కడ కాదు. తొట్టెలో ఒట్టిలీ కళ్ళు తెరిచే ఉన్నాయి. పెదవులు ఆడుతున్నాయి. మూతి చివర తెల్లటి చుక్క.

"ప్రభువా..." అంది గ్లెనిస్. అంతకుమించి ప్రార్థన గుర్తు రాలేదు.

నిచ్చెన ఎలా దిగిందో తెలియదు. వెళ్ళి కుర్చీ వీపు పట్టుకుంది. ఆ గదిలోకి చంకలో ఇరికించుకుని మోసిన కుర్చీ అది. ఇప్పుడు కదల్లేదు. మనిషి కూర్చున్నంత బరువు. పళ్ళు బిగించి లాగింది. నేల మీద గీతలు పడేలా, నడుం విరిగేలా లాగింది. గుమ్మం దాటించింది. పక్క గదిలో ఇంకా బల్బు పెట్టలేదు. చీకట్లో తడుముకుంటూ, చేతికి తగిలిన గోడకేసి దాని ముఖం తిప్పేసి, తలుపు లాగి గొళ్ళెం పెట్టింది.

వెంటనే పిల్ల ఏడుపు అందుకుంది. ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. బ్రోన్విన్ పరుగెత్తుకొచ్చి ఎత్తుకుంది. ఒట్టిలీ తల్లి రొమ్ము అందుకుని, ఎన్నాళ్ళ ఆకలో అన్నట్టు తాగింది. బ్రోన్విన్ ఏడుస్తూ నవ్వుతూ నేల మీదే చతికిలబడిపోయింది.

"ఏం చేశావు గ్లెనిస్?"

"ఆ కుర్చీ ఈ గదికి నప్పలేదమ్మడూ. తీసేశాను."

అంతకంటే చెప్పే ఓపిక ఆమెకు లేదు. ఆ రాత్రికి బ్రోన్విన్‌కు తోడు ఉండమని మెర్ల్‌ను పిలిస్తే బాగుండేది. అదీ తట్టలేదు. కారు తోలుకుంటూ కెంప్టన్‌లో తన ఇంటికి చేరింది. బూట్లు విప్పకుండానే వంటగదిలో కూలబడింది. టీ పెట్టుకుంది. పాలు పోయబోయి, పోసుకోలేక, అలాగే తాగింది. బిడ్డ దక్కింది, చాలు అనుకుంది. కళ్ళు మూతలు పడుతున్నాయి.

అప్పుడు మెర్ల్ మాట గుర్తొచ్చింది. బయటి గోడకేసి.

కప్పు కింద పెట్టింది. చీకట్లో తను ఎటు నిలబడింది? గుమ్మంలోంచి లాక్కుని వచ్చింది... కుడివైపు తిరిగింది... చేతికి తగిలిన గోడ గరుకు రాయి కాదు. నున్నటి సున్నం. పొలాలవైపు గోడ కాదు. రెండు గదుల మధ్య గోడ.

ఆ గోడకు అవతలే తొట్టె.

ఫోను అందుకుని బ్రోన్విన్‌కు చేసింది. అవతల మోగుతూనే ఉంది. మోగి మోగి, చివరికి బ్రోన్విన్ ఎత్తింది. గొంతు నిద్రమత్తుతో హాయిగా ఉంది.

"పిల్ల ఏడుస్తోందా బ్రోన్విన్?"

"లేదు గ్లెనిస్. ఇందాక ఆకలేసి లేచిందేమో అనుకుని వెళ్ళాను. ఏడవడం లేదు. గోడవైపు తిరిగి పడుకుని నవ్వుతోంది."

"దాన్ని ఎత్తుకో. ఇప్పుడే ఎత్తుకుని మెర్ల్ ఇంటికి వెళ్ళిపో. వింటున్నావా?"

"ఉండు... ఇదేమిటి, కొత్త రంగంతా పాడైంది. తొట్టె పక్కన గోడ మీద తడి మరక, పాల వాసన." అడుగుల చప్పుడు. అరచెయ్యి గోడకు ఆనిన చప్పుడు.  ఆ తర్వాత బ్రోన్విన్ మెల్లగా, గుసగుసగా అంది.

"గ్లెనిస్... ఇది వెచ్చగా ఉందేమిటి?"