కళ్లు చెప్పేసిన పేరు

"స్కానర్‌లోకి మాత్రం వెళ్లొద్దు," అన్నాడు నిఘా విభాగం చీఫ్ సాంసన్.

జనగామ రైల్వే స్టేషన్ వెయిటింగ్ హాల్లో పల్లీలు తింటున్న ఆ ఇద్దరినీ ఎవరూ పట్టించుకోలేదు. లుంగీ, మాసిన గడ్డంతో ఏజెంట్ కృపాకర్ బచ్చన్నపేట లారీ డ్రైవర్ ఎర్రయ్యగా మారిపోయాడు. పుట్టింది ఆ పక్కనే లింగాల ఘనపూర్‌లో కాబట్టి యాసకు రిహార్సల్ అక్కర్లేదు.

బ్రీఫింగ్ మూడే నిమిషాలు. మహబూబాబాద్ శివార్లలో చూపు మీద పరిశోధన చేసే ఒక సెంటర్. మనిషిని ఫంక్షనల్ ఎంఆర్ఐ స్కానర్‌లో పడుకోబెట్టి ఫోటోలు చూపిస్తారు. ఏది చూసినప్పుడు మెదడులో ఏ చోటికి రక్తం ఎక్కువగా చేరుతోందో కొలుస్తారు. తెలిసిన ముఖానికి ఒక తీరు, తెలియని ముఖానికి ఇంకో తీరు. పైకి మంచి పనే. కానీ డైరెక్టర్ రోలాండ్ విదేశీ ముఠా మనిషి. భూపాలపల్లి గనుల దగ్గరి పేలుడు మందు గోదాము కాపలాదార్లను కంటి పరీక్షకని పిలిచి, తెర మీద అంకెలు చూపించి, తాళం నంబరును వాళ్ల మెదడులోంచే లాగుతున్నాడు.

"లోపల ఊడ్చే సోమ్లీ మన మనిషి. స్కాన్ అయిన కాపలాదార్ల లిస్టు ఇస్తుంది. తీసుకుని వచ్చెయ్. అంతే."

మర్నాడు పొద్దున సెంటర్ వెనక నల్లా దగ్గర సోమ్లీ బకెట్ నింపుతోంది. బయ్యారం దగ్గరి తండా మనిషి, యాభై ఏళ్లుంటాయి.

"గట్క చల్లారిందా అక్కా?"

"ఇంక పొయ్యి మీదనే ఉన్నది."

కోడ్ కలిసింది. మడతపెట్టిన కాగితం చేతులు మారింది.

"నా పేరు యాడ తియ్యకు తమ్మీ. గీళ్లు మంచోళ్లు గాదు."

"నా నోట్ల కెల్లి రాదక్కా. మాటిస్తున్న."

పని అయిపోయింది. వెళ్లిపోవాల్సింది. గేటు దగ్గర డాక్టర్ భావన ఎదురైంది. తెల్లకోటు, నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటు. రోలాండ్ కుడిభుజం ఆమేనని ఫైల్లో ఉంది.

"స్కాన్‌కు వచ్చావా? భయమేస్తే ఇంటికెళ్లిపో," అంది.

పదకొండేళ్ల సర్వీసులో ఏ ఇంటరాగేషన్‌కూ లొంగని మనిషి కృపాకర్. ఆ యంత్రాన్ని ఓడించి వచ్చానని సాంసన్‌కు చెప్పాలనిపించింది. ఆమె ముందు వెనకడుగు వేయాలనిపించలేదు.

"భయమేంది మేడం? నడువుండ్రి."

చొక్కా గుండీలో దాచిన కెమెరా, బెల్టు, జేబులోని లిస్టుతో సహా బట్టలు అన్నీ ట్రేలోకి పోయాయి. ఆస్పత్రి గౌనుతో సొరంగంలో పడుకున్నాడు. చెవుల్లో సుత్తి మోత. ముఖాలు రెండేసి సెకన్లు వచ్చి పోతున్నాయి. ఎవరో ముసలాయన. ఎవరో పిల్ల. ఉన్నట్టుండి సెంటర్ సిబ్బంది ముఖాలు, వాటిలో సోమ్లీ.

కృపాకర్ పెదవి కదల్లేదు. శ్వాస మారలేదు. గెలిచానని లోపల నవ్వుకున్నాడు కూడా.

"ఎర్రయ్యా," స్పీకర్లో రోలాండ్ గొంతు వినిపించింది. "మా స్వీపర్ నీకెలా తెలుసు?"

తల కాస్త కదిపినా స్కాన్ పాడయ్యేది. కళ్లు మూసుకున్నా సరిపోయేది. అతను కళ్లు విప్పార్చుకుని మరీ చూశాడు.

గార్డు పిస్తోలు పట్టుకుని స్కానర్ గదిలోకి దూసుకొచ్చాడు. అయస్కాంతం పిస్తోలును చేతిలోంచి లాక్కుని యంత్రానికి అతికించేసింది. గార్డు తేరుకునేలోపే కృపాకర్ అతన్ని పడగొట్టి బయటికి పరుగెత్తాడు. అప్పటికే సెంటర్ వాళ్లు సోమ్లీని అంబులెన్సులోకి తోస్తున్నారు. "దొంగ! దొంగ!" అని అరుస్తున్నారు. జనం గుమిగూడారు. అందులో ఆమె తండా వాళ్లూ ఉన్నారు. అంబులెన్సు కదిలిపోయింది.

ఎవరిదో బైకు, ఎవరిదో ఫోను తీసుకున్నాడు. "సార్, సోమ్లీ దొరికిపోయింది. నా వల్లే."

"భూపాలపల్లి గోదాముకు పో. వాళ్లు అక్కడికే వస్తారు," అన్నాడు సాంసన్.

రెండు గంటలు, గౌను మీదే. దారిలో నవ్విన వాళ్లను చూసి, వీళ్లకు అసలు సంగతి తెలియదు కదా అనుకున్నాడు.

గోదాము గేటు దగ్గర చెట్లచాటున అంబులెన్సు ఆగి ఉంది. కాపలాదారు స్పృహ తప్పి పడి ఉన్నాడు. భావన ఒక్కో అంకె చదువుతుంటే రోలాండ్ నొక్కుతున్నాడు. చేతులు కట్టేసిన సోమ్లీ డ్రైవర్ పక్కన నిలబడి ఉంది. ఆరో అంకె పడింది.

సైరన్ మోగింది.

"చివరి రెండు అంకెలూ నేనే మార్చాను," అంది భావన. ఆమె పిస్తోలు రోలాండ్ వీపుకు ఆని ఉంది. డ్రైవర్ తుపాకీ సోమ్లీ వైపు తిరిగింది. కృపాకర్ బైకును సూటిగా అతని మీదికి వదిలాడు. గుండు ఆకాశంలోకి పోయింది. పొదల్లోంచి పోలీసులు లేచారు.

"మీరు మనవాళ్లని నాకు చెప్పలేదు," అన్నాడు కృపాకర్.

"చెప్పి ఉంటే నా పేరూ ఆ స్కానర్ చదివేసేది. స్కాన్ చేసేటప్పుడు రోలాండ్ నా వెనకే ఉన్నాడు, సోమ్లీ సంగతి దాచలేకపోయాను. ఇంటికెళ్లిపొమ్మని మొదటే చెప్పాను కదా?"

అతను సోమ్లీ కట్లు విప్పాడు. ముఖంలోకి చూడలేకపోయాడు.

"నా నోట్ల కెల్లి రాలేదక్కా. కండ్లు చెప్పినయ్."

"ఆ మిషన్ల పండుమని ఎవరన్న అన్నరా?"

"ఎవ్వరనలే."

"మరి?"

అతను విప్పిన తాడును చేతికి చుట్టుకోసాగాడు.

సోమ్లీ మణికట్లు రుద్దుకుంది. "తండోళ్లందరి ముంగట దొంగ అన్నరు. పానం పోతదని భయపడలే తమ్మీ. గా మాటకే సచ్చిపోయిన."

"నేనొస్త. తప్పు నాదే అని అందరి ముంగట చెప్త."

ఆమె అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "గీ గౌను మీదనా? ముందుగాల లాగు తొడుక్కో."

సాయంత్రం తండాలో అందరి ముందూ నిలబడి చెప్పాడు, తల ఎత్తకుండా. తిరిగొచ్చేటప్పుడు భావన ఒక కవరు ఇచ్చింది. అతని స్కాన్ రిపోర్టు. కింద ఒకే వాక్యం: మెదడు సక్రమంగా పనిచేస్తోంది.

కృపాకర్ రెండుసార్లు చదివాడు. ఆ యంత్రం మీద నమ్మకం పూర్తిగా పోయింది.