ఆఖరి ముడి కొస

మధ్యాహ్నం నుంచి ఒకటే ముసురు. రేకుల షెడ్డు నిండా తడి ఉన్ని వాసన. తివాచీ మగ్గం ముందున్న బల్ల మీద చెల్లెలు కుడివైపు సర్దుకుని కూర్చుంది. ఎడమవైపు ఖాళీ. అది అక్క చోటు.

ముప్పై ఏళ్లుగా ప్రతి తివాచీకీ ఇద్దరూ చెరో సగం ముడులు వేశారు. అక్కది ఎడమచేతి వాటం, ఆమె ముడులన్నీ అటే వాలేవి. "నీ సగం ఎప్పుడూ నా మీద అలిగినట్టే ఉంటుందక్కా" అని చెల్లెలు ఏడిపించేది. పోయిన వారం అక్కకి జ్వరం వచ్చి, మూడు రోజుల్లో మనిషి లేకుండా పోయింది.

పోయినవాళ్ల ఆఖరి ముడికి వేలాడే దారం కొస కత్తిరించాకే మళ్లీ మగ్గం ముందు కూర్చోవాలి. వాళ్ల పనిలో అది కట్టుబాటు. చెల్లెలు మూడుసార్లు కత్తెర తీసింది. చేతులు రాలేదు. అక్క గుర్తుగా ఆ జానెడు దారమే కదా మిగిలింది! అలాగే వదిలేసి, నల్ల అంచు మొదలుపెట్టింది.

తన సగం వరుస అయింది. రెండు సగాలూ కలిస్తేనే ఇనుప దువ్వెనతో కొట్టి బిగించేది. అలవాటు కొద్దీ నోరు జారింది.

"అయిందా, అక్కా?"

అంతే, ఏడుపు ముంచుకొచ్చింది. మగ్గానికి తల ఆన్చి వెక్కివెక్కి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి కునుకు పట్టింది.

టక్... టక్...

దువ్వెన చప్పుడు. ఎడమవైపు బల్ల కాస్త కుంగింది... కళ్లు తెరిస్తే వెళ్లిపోతుందేమో!

"నల్ల ఉన్ని అయిపోయిందే..."

"ఏదో ఒకటి వెయ్యక్కా... లేచి వెళ్లిపోకు."

టక్... టక్...

"అమ్మా, చీకటి పడుతోంది." కూతురు దీపం తెచ్చింది.

చెల్లెలు కళ్లు తెరిచింది. నాలుగు వరుసలు నిండాయి. తన సగంలోనూ ముడులు ఎడమకే వాలాయి. తడిమింది. నున్నగా ఉంది. ఉన్ని కాదు.

"అమ్మా... నీ జడేదీ?"

మెడ మీద చెయ్యి వేసుకుంది. జడ లేదు. అంచు ఇంకా మూరెడు మిగిలే ఉంది. కూతురి జడ నడుము దాటి వేలాడుతోంది.

కత్తెర అందుకుంది. "నీకు దణ్ణం పెడతాను... ఇక వెళ్లిపో అక్కా" అని ఏడుస్తూ, రెండో చేత్తో ఆ దారం కొస కోసం వెతికింది. కొస ఎక్కడా లేదు. ముడుల్లో కలిసిపోయింది.

"అబ్బా! లాగకమ్మా, జడ నొప్పెడుతోంది" అంది వెనక నుంచి కూతురు.

తల్లి రెండు చేతులూ మగ్గం మీదే ఉన్నాయి.