పుర్రె తాతయ్య పదమూడో భాగం

అసురసంధ్య వేళ... కారుమేఘాలు పగటి కడపటి వెలుగును కబళిస్తున్నాయి. ఎక్కడో ఉరిమింది. టీవీ ప్రసార కేంద్రం వెనకవైపు, కిటికీలైనా లేని టేపుల గదిలోకి కూడా ఆ భీకర ధ్వని పాకి వచ్చి ఇనుప అరలను గజగజలాడించింది. ఆదివారం కావడంతో కేంద్రంలో ఆ అక్కాచెల్లెళ్లిద్దరు తప్ప నరమానవుడు లేడు. గోడ గడియారంలో ఆరు కావడానికి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి.

గది మధ్యన కుర్చీలో చెల్లెలు కూర్చుని ఉంది. తొమ్మిది రోజులుగా రెప్ప వాల్చని ఆ కళ్లు ఎదురుగా ఉన్న పాత డబ్బా టీవీకి అతుక్కుపోయాయి. పెదవులు కదిలాయి. వచ్చింది మాత్రం ఒక ముసలివాడి గొంతు.

"ఆరింటికి మొదలవ్వాలి. ఆలస్యమైతే దీని ఊపిరి ఆపేస్తా."

ఆ గదిలో ఇరవై ఏళ్లుగా టేపులు భద్రపరిచే ఉద్యోగం చేస్తున్న అక్క అరలోంచి ఒక అట్టపెట్టె దించింది. 

తప్పు ఎవరిదీ కాదు. తొమ్మిది రోజుల క్రితం అక్కాచెల్లెళ్లిద్దరూ టీ తాగుతూ చిన్ననాటి కార్యక్రమాలను తలుచుకున్నారు. ఏ హత్య జరిగినా తోటమాలినే అనుమానించే బట్టతల డిటెక్టివు, మూడేళ్లు సాగి పెళ్లి జరక్కుండానే ఆగిపోయిన సీరియలు, వాన పడితే చాలు బొమ్మ పోయే వాతావరణ వార్తలు... ఇద్దరూ కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. ఉన్నట్టుండి చెల్లెలు అడిగింది.

"అక్కా, పుర్రె తాతయ్య గుర్తున్నాడా? ఎంత ఇష్టమో నాకు."

ముప్పై ఏళ్లుగా ఆ పేరు ఎవరి నోటా రాలేదు. ఆదివారం ఆరింటికి తెల్లగడ్డంతో వచ్చి, అరచేతిలో పుర్రెను ఆడిస్తూ పిల్లలకు కథలు చెప్పేవాడతను. అది సున్నపు బొమ్మేలే అనుకుని పెద్దవాళ్లు కూడా మురిసిపోయారు. బొమ్మ కాదని బయటపడ్డ రోజున కేంద్రంవారు పదమూడో భాగాన్ని ప్రసారం చేయకుండా అరలో పడేశారు. కథల తాతయ్య వేషంలో ఉన్న ఆ మాంత్రికుడు ఆ ఏడే చచ్చాడు. కానీ ప్రాణాన్ని ఆ టేపులో దాచుకుని మరీ చచ్చాడు... ఎవరో ఒకరు తనను ప్రేమగా తలుచుకునే దాకా కాచుకుని కూర్చున్నాడు. చెల్లెలు తలుచుకున్న మరుక్షణమే ఆమెలోకి దూరాడు.

ఆ భాగం చివర అతను పదమూడు దాకా లెక్కపెడతాడు. లెక్క ముగిసేసరికి చూస్తున్నవారి దేహం అతని సొంతం. ఈ సంగతి చెల్లెలి నోటితో తానే చెప్పి విరగబడి నవ్వాడు. "టేపు వెయ్యకపోతే ఇది చస్తుంది. వేస్తే నేను బతుకుతా. ఏం చేస్తావో నీ ఇష్టం" అన్నాడు.

అక్క ఏడ్చి ఏడ్చి, చివరికి ఆ టేపు వెతికి తీసి పెట్టె మీది చీటీ చదివింది. అడుగున పెన్సిలుతో రాసిన చిన్న వరుస ఒకటి కనబడింది. అది చదివాక ఏడుపు ఆపి, చెల్లెల్ని ఇక్కడికి తీసుకొచ్చింది.

ఆరు కొట్టింది. టేపు ఎక్కించిన యంత్రం గరగరమంది. తెర మీద ముందు చుక్కలు, తర్వాత గడ్డం, ఆ తర్వాత కపాలం... ఎక్కడో గుడ్లగూబ కూసింది. ఆ కూత బయటిదో, టేపులోదో తెలియలేదు. కథ సాగింది, ముగిసింది. లెక్క మొదలైంది.

"ఒకటి..." పుర్రె దవడ టక్కుమంది. చెల్లెలి వేళ్లు కొంకర్లు పోయాయి.

"ఐదు..." నల్లటి జుట్టు కుదుళ్ల నుంచి నెరవసాగింది.

"పది..." పెదవులు నీలం తిరిగాయి.  ఇప్పుడు ఆపితే చెల్లెలు దక్కదు. పోనిస్తే దక్కుతుందన్న నమ్మకమూ లేదు. ముప్పై ఏళ్లలో టేపు చివర చెడిపోయి ఉంటే? ఆ పెన్సిలు వరుసను నమ్ముకోవడం తప్ప అక్కకు వేరే దారి లేదు.

"పదమూడు!"

దిక్కులు పిక్కటిల్లేలా పిడుగు పడింది. చెల్లెలు లేచి నిలబడింది... కాదు, వాడు నిలబడ్డాడు. కొత్త చేతుల్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"అయిపోయింది. ఇక ఆపెయ్."

"ఇంకా కొంచెం ఉంది తాతయ్యా," అంది అక్క.

"ఇంకేముంది?"

"అప్పట్లో ఇక్కడ టేపులకు కరువు. చివర రెండు నిమిషాలు మిగిలినా మావాళ్లు ఊరికే పోనిచ్చేవాళ్లు కాదు. ఏదో ఒకటి ఎక్కించేసేవాళ్లు."

వాడి ముఖం మారింది. యంత్రం మీదికి దూకాడు. ఆపే మీట ఎప్పుడో విరిగిపోయింది. ఆ కన్నంలో జడపిన్ను గుచ్చితే తప్ప అది ఆగదని ఆ గదిలో పనిచేసినవాళ్లకే తెలుసు. పిన్ను అక్క పిడికిట్లో ఉంది. వాడు కరెంటు తీగ పీకడానికి వంగేలోపే తెర మళ్లీ వెలిగింది.

నున్నగా తల దువ్వుకుని, చేతిలో కాగితంతో ఒకావిడ కూర్చుని ఉంది. ఆ కేంద్రంలో పన్నెండేళ్లు ముగింపు ప్రకటన చదివిన మనిషి. ఈ అక్కాచెల్లెళ్ల అమ్మ. పెట్టె చీటీ మీద పెన్సిలుతో రాసి ఉన్నది ఆమె ప్రకటన గురించే. చెల్లెలికి నాలుగేళ్లప్పుడు పోయింది. పుర్రె తాతయ్య గుర్తున్న ఆ పిల్లకు అమ్మ గొంతు గుర్తులేదు.

పన్నెండేళ్లు, ప్రతి రాత్రీ, అవే మాటలు... అవి వినబడిన మరుక్షణం ఇంటింటా తెరలన్నీ ఆరిపోయేవి. ఏ క్షుద్రమంత్రానికీ అంతటి జపం జరిగి ఉండదు.

"ఇంతటితో ఈనాటి ప్రసారాలు సమాప్తం," అంది అమ్మ, తొణక్కుండా. "మీ టీవీ కట్టేయడం మరిచిపోకండి. సెలవు."

వాడు పెట్టిన ఆర్తనాదం సగంలోనే సన్నబడింది. చెల్లెలి నోట్లోంచి, కళ్లల్లోంచి నల్లటి పొగ వెలువడి తెరలోకి ఇంకిపోయింది. గడ్డం, కపాలం, కరాళ వదనం కుంచించుకుని ఒక గీత అయ్యాయి. గీత చుక్క అయింది. చుక్క ఆరిపోయింది. యంత్రంలోని టేపు భగ్గున మండి బూడిదైంది.

నేలమీద పడివున్న చెల్లెలు కాసేపటికి కళ్లు తెరిచింది. ఈసారి వచ్చింది తన గొంతే.

"ఎవరక్కా ఆవిడ? ఎంత చల్లగా మాట్లాడింది."

"అమ్మ."

చెల్లెలు చీకటి తెర వంక చూసింది. "ఇంకొక్కసారి వెయ్యవా?"

అక్క బూడిద వంక చూసింది.  చిన్నప్పుడు రోజూ విని విని నోటికొచ్చేసిన మాటలవి. చెల్లెలి నెరిసిన తలను ఒళ్లోకి తీసుకుని, గొంతు సవరించుకుని, అచ్చం అమ్మలాగే నిదానంగా మొదలుపెట్టింది.

"ఇంతటితో ఈనాటి ప్రసారాలు సమాప్తం..."

సెలవు అన్న మాట దాకా వచ్చేసరికి, తొమ్మిది రోజుల తర్వాత మొదటిసారి, చెల్లెలు నిద్రపోయింది.