లాటిన్ క్లాసు అడుగురాయి

గేటు దగ్గర సబ్జెక్టుల బరువులు చూపే తూకపలకలో అంకెలు మారేదాకా కుందన కదల్లేదు. వెనక నుంచి పిల్లలు తోస్తున్నారు, బ్యాగులు వీపుకు గుచ్చుకుంటున్నాయి, లోపలికి నడవమని వాచ్‌మన్ కసురుతున్నాడు. గణితం ఒకటిన్నర. జీవరసాయనం రెండు పాయింట్ ఒకటి. తెలుగు ఎప్పటిలాగే ఒకటి, దాని వంక చూసేవాళ్ళే లేరు. అట్టడుగున లాటిన్, రెండు పాయింట్ నాలుగు. నిన్నటి బరువే. అప్పుడు గానీ కుందన ఊపిరి పీల్చుకోలేదు.

లోపలికెళ్ళి చేసిన మొదటి పని దీవెనకు టిఫిన్ డబ్బా అందించడం. దీవెనకు టిఫిన్ పెట్టే వంతు ఈ వారం కుందనది. పెసరట్లు, అల్లప్పచ్చడి. దీవెన మూత తీసి వాసన చూసి, కుందన వాళ్ళమ్మ చేతి పచ్చడిని మెచ్చుకుని, అక్కడే మెట్ల మీద చతికిలబడి తినడం మొదలుపెట్టింది. కుందన దీవెన లెక్కల హోంవర్కు కూడా ఇచ్చేసింది. అచ్చం దీవెన రాతలోనే, మధ్యలో నమ్మదగ్గ రెండు మూడు తప్పులతో సహా.

ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదని అందరూ ఎప్పుడో ఒప్పేసుకున్నారు. క్లాసంతా బాగా చదివేస్తే ఆ సబ్జెక్టు తేలికదని మార్కులు వేసే యంత్రం తేల్చేస్తుంది, దాని బరువు తెగ్గోస్తుంది. బరువు పోతే నూటికి నూరు తెచ్చుకున్నా వాటిని హెచ్చించే అంకె చిన్నదై ర్యాంకు కిందికి జారుతుంది. అందుకని బరువున్న ప్రతి క్లాసూ అడుగు మార్కులు తెచ్చుకునే ఒకరిని, ఒక అడుగురాయిని, పోషించుకుంటుంది. అడుగురాయి తప్పకూడదు, తప్పితే క్లాసులోంచి తీసేస్తారు. బాగా చదవనూ కూడదు. గట్టున పడీపడనట్టు ఏడాదంతా నిలబడాలి. అది అందరికీ చేతనయ్యే పని కాదు. లెక్కలంటే చచ్చేంత భయం ఉన్న దీవెన, లెక్కలు చేసిపెడతామంటే లాటిన్‌లో ఈ కొలువుకు ఒప్పుకుంది. టీచర్లకు తెలుసు. తెలియనట్టు ఉంటారు. వాళ్ళ జీతాలు కూడా తూకపలక మీదే ఉంటాయి మరి.

కొత్తగా పుట్టించిన ఏ మొక్కకైనా లాటిన్ పేరు మనిషే పెట్టాలని విత్తన మండలి చట్టం. ఆ పేర్లు పెట్టే నామకర్తల చదువుకు బడికి ఒక్క సీటు. ఎనిమిదో తరగతి నుంచి కుందనకు ఆ సీటు తప్ప వేరే ధ్యాస లేదు. వాళ్ళమ్మ అపార్ట్‌మెంట్ మొత్తానికీ చెప్పేసింది, లిఫ్టు బాగుచేయడానికి వచ్చినవాడికి కూడా చెప్పింది. ర్యాంకులో వెనకాలే జీవరసాయనం క్లాసు నిఖిలేశ్ ఉన్నాడు. లాటిన్ బరువు ఈ సాయంత్రం దాకా ఇలాగే నిలబడితే సీటు కుందనది. సాయంత్రం బరువులన్నీ ఖాయమైపోతాయి. ఈలోగా మిగిలింది మధ్యాహ్నం మౌఖిక పరీక్ష ఒక్కటే.

పొద్దున పీరియడ్‌లో జోజయ్య మాస్టారు ఆ పరీక్షకు పాఠం చదివించారు. ఫిరంగిపురం మనిషి ఆయన, పాదిరీ అవుదామని సెమినరీలో కొన్నాళ్ళు చదివి బయటికొచ్చేశారు. గొంతు ఇప్పటికీ గుడిలో ప్రార్థన చదివినట్టే ఉంటుంది. పాఠం ఒక పొరుగాయన ఉత్తరం. కుందన ముందే ఇంట్లో ప్రతి పదం విడదీసి, ఏది దేనికి చెందుతుందో రంగులు వేసి పెట్టుకుంది. మాస్టారు చదువుతున్నారు. ఉన్నట్టుండి వెనక బల్ల నుంచి కిసుక్కుమని నవ్వు వినిపించింది.

మాస్టారు ఆగారు. దీవెన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏమైందమ్మా అని ఆయన అడిగితే ఏం లేదంది, ఆయన వదల్లేదు. చివరికి ఆ పిల్ల నసుగుతూనే చెప్పింది. నిచ్చెన తిరిగివ్వమని అడిగినవాడికి ఆ పొరుగాయన ఏం రాశాడంటే, తప్పకుండా ఇస్తాను, అది అటక మీద పెట్టాను, దించాలంటే ఎక్కడానికి నిచ్చెన లేదు, నీ దగ్గర ఇంకోటి ఉంటే పంపు, అని.

మాస్టారు కళ్ళజోడు తీసి మరీ నవ్వారు. కుందన తన పాఠం వంక చూసుకుంది. నిచ్చెన ఉంది. అటక ఉంది. పంపు ఉంది. ఒక్క పదం కూడా తప్పు లేదు. ఇది హాస్యమని మాత్రం ఆమెకు తట్టలేదు. ఈ నాలుగేళ్ళలో లాటిన్ చదువుతూ ఆమె ఒక్కసారి కూడా నవ్వలేదు.

కుళ్ళు. ఆమెకు పట్టుకున్నది అదే, దానికి ఇంకో మర్యాదైన పేరు లేదు. మాస్టారు దీవెనను చూసిన చూపు తనకెప్పుడూ దక్కలేదు. నూటికి నూరు వచ్చిన రోజున కూడా "గుడ్" అని పక్క పేపరు తీసుకునేవారు. పెసరట్లు పెట్టింది తను. లెక్కలు చేసింది తను. రాత్రిళ్ళు కళ్ళు మండేలా చదివింది తను. నవ్వు మాత్రం దానికొచ్చింది.

ఐదుగురున్న ఆ క్లాసులో మిగతా ముగ్గురికి వేరే గుబులు పుట్టింది. మధ్యాహ్నం కూడా దీవెన ఇట్లాగే చెబితే యంత్రం వింటుంది, బరువు ఒకటిన్నరకు పడుతుంది, అందరి ర్యాంకులూ మట్టిగొట్టుకుపోతాయి. భోజనాల గంటలో వెళ్ళి మాట్లాడమని కుందనను ముందుకు తోశారు.

దీవెన చేతులు కడుక్కుంటోంది. కుందన ఎలా మొదలుపెట్టాలో ఆలోచించుకుని వచ్చింది కానీ ఆ అవసరమే రాలేదు.

"తప్పే చెప్తాలేవే. మాటిచ్చాగా," అంది దీవెన, తడి చేతులు చున్నీకి తుడుచుకుంటూ. "పొద్దున ఆపుకోలేకపొయ్యా, అంతే."

"మరి నీకేం అనిపించదా? వచ్చి కూడా రానట్టు చెప్పడానికి?"

"అనిపించడానికేముంది? మార్కులు మీకు కావాలి, తీసుకోండి. నాకు అర్థమైంది, అది ఎవరూ తీసుకోలేరుగా." కాస్త ఆగి, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. "అవునే, చదివేటప్పుడు నీకు నవ్వు రాదా?"

కుందన వెనక్కి తిరిగి వచ్చేసింది. ఎగతాళి చేసి ఉంటే బాగుండేది, తిట్టి కసి తీర్చుకునేది. ఆ పిల్ల ఎగతాళి చెయ్యలేదు. సీటును మిగిలిన ఇడ్లీలా ప్లేట్లో పెట్టి తోసేసింది. కుందన నాలుగేళ్ళుగా ప్రాణం పెట్టి కోరుకుంటున్నది దీవెనకు అక్కర్లేదు. దీవెన దగ్గర ఉన్నది కుందనకు ఎంత చదివినా రావడం లేదు. ఈ సీటుతో ఎక్కడికెళ్ళినా, ఏ మొక్కకు ఏ పేరు పెట్టినా, అది దీవెన జాలితలిచి ఇచ్చిందే అవుతుంది. ఆ ఆలోచనకు అన్నం సయించలేదు.

మధ్యాహ్నం బల్లల మీద దీపాలు పచ్చగా వెలిగాయి. యంత్రం వింటోందని గుర్తు. మాస్టారు ముందు దీవెనను లేపారు. పొరుగాయన ఏమన్నాడు, ఎందుకన్నాడు అని అడిగారు. అడుగుతున్నప్పుడు ఆయన ముఖం పొద్దుటి నవ్వుతోనే ఉంది.

దీవెన బల్ల వంక చూస్తూ చెప్పింది. నిచ్చెన ఇవ్వనన్నాడు. ఎందుకంటే ఆయనకు కోపం వచ్చింది. అటక గురించి గుర్తులేదు.

ఏడాదంతా చేసిన అలవాటు, అందులో ఒక్క తడబాటు లేదు. గట్టెక్కడానికి సరిపోయినన్ని మార్కులు పడ్డాయి. మాస్టారు ఇంకేదో అడగబోయి, మానేసి, కళ్ళజోడు సరిచేసుకున్నారు. గోడమీద తూకపలకలో రెండు పాయింట్ నాలుగు కదల్లేదు. ముందు బల్ల నుంచి ఎవరో నిట్టూర్చారు.

కుందన ఆక్షేపణ మీట నొక్కింది.

ఆ మీట ప్రతి బల్లకూ ఉంటుంది. పక్కవాళ్ళకు ఎక్కువ మార్కులు పడ్డాయనిపిస్తే నొక్కవచ్చు. నొక్కితే మాస్టారు ఆ ప్రశ్న మళ్ళీ అడిగి తీరాలి. బడిలో దాన్ని కుందన వాడినంతగా ఇంకెవరూ వాడలేదు, ఆ పేరు ఆమెకు ఎప్పుడో వచ్చింది. కానీ అడుగురాయి మీద ఎవరూ నొక్కరు. ఉన్న కాసిని మార్కులూ పోతే అడుగురాయిని తీసేస్తారు, క్లాసు బరువే కూలుతుంది. మిగతా ముగ్గురూ గిరుక్కున తిరిగి ఆమెను చూశారు.

"ఎన్ని మార్కులు తగ్గించాలి?" యంత్రం అడిగింది.

"తగ్గించక్కర్లేదు," అంది కుందన. "ఆ అమ్మాయికి వచ్చు. కావాలనే తప్పు చెప్పింది. మేమే చెప్పమన్నాం."

"ఎన్ని మార్కులు తగ్గించాలి?"

"తగ్గించొద్దంటున్నాగా."

యంత్రం మూడోసారి అడగలేదు. బల్లల మీది పచ్చదీపాలు ఒకసారి కొట్టుకుని ఎర్రగా మారాయి. కావాలనే, అనే మాట అది వినడం ఇదే మొదలు. అడుగున ఉన్న మార్కు నిజమైనదన్న నమ్మకం మీదే ప్రతి క్లాసు బరువూ కట్టారు. ఆ మార్కు అబద్ధమైతే ఈ క్లాసుదే కాదు, ఏ క్లాసు అడుగునైనా ఎందుకు నమ్మాలో దానికి తెలియలేదు. గోడమీద లాటిన్ ఎదుట అంకె చెరిగిపోయింది. తర్వాత జీవరసాయనం. తర్వాత గణితం. వరండా అవతల క్లాసుల్లోంచి కేకలు మొదలయ్యాయి, ఎవరో పరుగెడుతున్న చప్పుడు వినిపించింది.

దీవెన నిలబడే ఉంది. ఆమె కళ్ళలో కృతజ్ఞతలాంటిదేమీ లేదు.

"నీకేం పొయ్యేకాలం వచ్చిందే? నా లెక్కలు ఇప్పుడెవరు చేస్తారు? నేను లెక్కల్లో తప్పితే నీకేమన్నా ఒరుగుద్దా?"

"నీ మంచి కోసం నొక్కలేదు," అంది కుందన. "కుళ్ళుతో నొక్కా. నువ్వు దానమిస్తే తీసుకోవడం నా వల్ల కాదు. వచ్చిందంతా చెప్పు. ఓడిపోతే నిజంగానే ఓడిపోతా."

మాస్టారు తలుపు వంక చూశారు. హెడ్మాస్టరు గొంతు దగ్గరవుతోంది. ఆక్షేపణ పడ్డాక ప్రశ్న మళ్ళీ అడగాలన్నది నియమం, దాన్ని ఎవరూ ఇంకా రద్దు చెయ్యలేదు. ఆయన లేచి తలుపు గడియ పెట్టి వచ్చి, దీవెనను మళ్ళీ అడిగారు.

దీవెన చెప్పింది. మొదట కోపంగా, తర్వాత కోపం మర్చిపోయి. పొరుగాయన మర్యాద, ఆ మర్యాద వెనకున్న మోసం, నిచ్చెన ఇచ్చినవాడు ఇంకో నిచ్చెన కూడా తెచ్చి ఇచ్చేరకం అని ఉత్తరం మొదట్లోనే తెలిసిపోతుందన్న సంగతి. కుందన ఒక్కొక్క మాటా విన్నది. కుళ్ళు తగ్గలేదు. ఇంకా పెరిగింది. ఈసారి అందులో కొంత నేర్చుకోవాలన్న ఆకలి కూడా ఉంది.

బయట తలుపు దబదబ బాదుతున్నారు. జోజయ్య మాస్టారు అది విననట్టే పేజీ తిప్పి, పిలిచే క్రమం ప్రకారం పిలిచారు.

"కుందనా, నీ వంతమ్మా."

ఆమె లేచింది. అలవాటుగా గోడ వంక చూసింది. అక్కడ అంకె లేదు. ఎన్ని మార్కుల కోసం చెబుతోందో తెలియకుండా కుందన మొదటిసారి నోరు తెరిచింది.