అయామ్ డిజప్పాయింటింగ్

"అయామ్ డిజప్పాయింటింగ్," అంది బోరమ్.

నాకు నవ్వాగలేదు. "అయ్యో, బోరమ్‌గారూ! మనకి నిరాశ కలిగితే డిజప్పాయింటెడ్. 'ఇంగ్' పెడితే ఎదుటివాళ్లని నిరాశపెట్టే మనిషినని అర్థం. మిమ్మల్ని మీరే తిట్టుకుంటున్నారు!"

మా కొరియావాళ్లందరూ చేసే తప్పే ఇది. దేగూలో ఓ బియ్యపు కేకుల దుకాణం మీది గదిలో, రెండేళ్లుగా ప్రతి శనివారం ఇంగ్లీషు పాఠాలు చెబుతూ దిద్దుతూనే ఉన్నాను. ఆరోజు వానకి జడిసి మిగతావాళ్లు రాలేదు. బోరమ్ ఒక్కతే తడుస్తూ వచ్చింది. మర్నాడే నేను కొత్త ఉద్యోగానికి బుసాన్ వెళ్లిపోతున్నాను. ఆ సంగతీ చెప్పలేదు, ఆమె అంటే నాకెంత ఇష్టమో అదీ చెప్పలేదు.

బోరమ్ నవ్వలేదు. "అయితే సరిగ్గా చెబుతా సార్, వినండి. యూ ఆర్ డిజప్పాయింటింగ్."

వ్యాకరణంలో తప్పు లేదు.

"మీరు బుసాన్ వెళ్తున్నారని కింద కేకులమ్మే పెద్దమ్మకి తెలుసు. ఆవిడ పిల్లికి కూడా తెలిసే ఉంటుంది. ఇందాక ఆవిడ చెప్పేదాకా నాకే తెలీదు."

"చెబుదామనే అనుకున్నా..."

"ఎప్పుడు? రైలెక్కాకా?"

తల దించుకున్నాను. "చెబితే మీరు 'కంగ్రాట్స్' అని ఊరుకుంటారేమోనని భయమేసింది."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "పోనీ, 'సొవున్‌హే' అనడానికి ఇంగ్లీషేంటి?"

సొవున్‌హే అంటే మా భాషలో మనసు చిన్నబోయిందని. మనవాళ్లనుకున్నవాళ్ల మీదే ఆ మాట అంటాం. దారినపోయేవాళ్ల మీద ఎవరూ అనరు.

"దానికి ఇంగ్లీషులో సరైన మాట లేదు," అన్నాను. "ఇంతకీ ఎవరి మీద?"

"ఇక్కడ ఇంకెవరున్నారు?"

రెండేళ్లుగా 'గారు' అంటున్న నోరు ఆరోజు దాన్ని వదిలేసింది. "బోరమ్, నువ్వంటే నాకు ప్రాణం. ముందే చెప్పాల్సింది. తప్పు నాదే."

ఆమె కళ్లు తుడుచుకుని, నోటుపుస్తకం దగ్గరికి లాక్కుని, అందులో తను రాసుకున్న 'అయామ్ డిజప్పాయింటింగ్' చివర 'ఇంగ్' కొట్టేసి 'ఎడ్' రాసింది.

"నా తప్పు దిద్దుకున్నా. ఇక నీది నువ్వు దిద్దుకో," అంది. "రేపు ఎన్నింటి రైలు?"