సగం గోళీ

కోరుట్లలో ఆ ఉదయం గంగవ్వ వాకిట్లో బీడీలు చుడుతోంది. సిరిసిల్ల నుంచి వచ్చిన కూతురు సింధూజ, ఐదు నెలల పాపను ఆమె ఒడిలో పెట్టి స్నానానికి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి గంగవ్వ గోడకు ఆనుకుని నిద్రపోతోంది. పాప ఒడిలోంచి జారి, నేలమీద కత్తెర పక్కన ఏడుస్తోంది.

పాపకు దెబ్బ తగల్లేదు. కానీ ఎంత కుదిపినా తల్లి లేవకపోయేసరికి సింధూజకు అనుమానం వచ్చింది. వెతికితే తంబాకు డబ్బాలో నిద్రగోళీలు దొరికాయి.

గంగవ్వ కళ్లు తెరిచేదాకా ఆగి అడిగింది.

"ఎన్నేండ్ల సంది మింగుతున్నవమ్మా?"

"మీ నాయిన దుబాయ్ పోయిన కాడి సంది బిడ్డా. నిద్రపట్టక ఒక్కటేసుకున్న. ఇప్పుడు నాలుగేసినా సాల్తలేవు."

"నీకు మనవరాలు కావాల్నా, గోళీలు కావాల్నా? అవి మానేదాక దీన్ని ముట్టుకోకు!"

ఆ మధ్యాహ్నమే సింధూజ వెళ్లిపోయింది. ఆటో మలుపు తిరిగేదాకా గంగవ్వ చూస్తూ నిలబడింది. లోపలికి వచ్చి గోళీలన్నీ మురికికాలువలో పారేసింది. రెండు రోజులు ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. మూడోరోజు పొద్దున ఫిట్స్ వచ్చి పడిపోయింది. పక్కింటి సుశీల ఫోన్ చేస్తే సింధూజ పరుగున వచ్చి జగిత్యాల ఆసుపత్రిలో చేర్పించింది.

"ఇన్నేళ్లు వాడినవి ఒక్కసారే ఆపితే ప్రాణానికే ప్రమాదం," అన్నాడు డాక్టరు. "ఇది మొండితనం కాదమ్మా, జబ్బు. మెల్లగా తగ్గించాలి."

"నేనన్ననని అన్నీ పారేసినవా అమ్మా?"

"దాన్ని ఎత్తుకోబుద్ధయ్యింది బిడ్డా."

సింధూజ గోడవైపు తిరిగి ఏడ్చింది.

డాక్టరు చెప్పినట్టు నెలనెలా సగం గోళీ చొప్పున తగ్గిస్తూ వచ్చారు. గంగవ్వ వీడియోకాల్లో పాపను చూసేది. పాపకు పళ్లు వచ్చాయి, పాకింది, అన్నీ ఫోన్‌లోనే. ఒకరోజు గంగవ్వే ఫోన్ చేసింది.

"నిన్న ఆగలేక ఒకటి ఎక్కువేసుకున్న."

పాత సింధూజ అయితే అరిచేది. "చెప్పినవ్ గదమ్మా, గదే సాలు. సోమవారం నేనొస్త, డాక్టర్‌కు ఇద్దరం చెప్దాం," అంది.

పాప మొదటి పుట్టినరోజుకు గంగవ్వ సిరిసిల్ల వచ్చింది. రోజుకు సగం గోళీ ఇంకా మిగిలే ఉంది. సింధూజ పాపను అందిస్తే చేతులు వెనక్కి తీసుకుంది.

"అది గూడ మాననియ్యి. నా మీద నాకే నమ్మకం లేదు."

సింధూజ తల్లిని ఆనుకుని కూర్చుంది. పాపను ఆమె ఒడిలో పెట్టి, తన చెయ్యి చుట్టూ వేసింది.

"అందాక ఇద్దరం పట్టుకుందామమ్మా."